మందు ఇంటికి వచ్చిన కథ



యీవేళ నేను మాట్లాడబోయేది క్యాన్సర్ మందుల సంగతి. ఆ పేరు వింటూనే చాలామందికి రేడియో కట్టేయాలనిపిస్తుంది. కాని ఒక్క పావుగంట ఓపిక పట్టండి. రోగం గురించి భయపెట్టే మాటలేవీ చెప్పను. ఒక మందు ఎక్కడో పుట్టి, ఆసుపత్రి గడప దాటి, మన ఇంటి అలమర దాకా ఎలా వచ్చిందో ఆ చరిత్ర చెబుతాను. వచ్చేటప్పుడు అది తనతో ఏం తెచ్చుకుంది, దేన్ని వెనక వదిలేసి వచ్చింది అన్నదే అందులో అసలు విషయం.

ఒకప్పుడు క్యాన్సర్ మందు అంటే ఆసుపత్రి మంచం, సెలైను సీసా, పక్కన నర్సమ్మ. డాక్టరు రాసింది మందులిచ్చేవాళ్ళు చూసేవారు, వాళ్ళిచ్చింది నర్సు చూసేది. యీనాడు అలా కాదు. క్యాన్సర్ మందుల్లో చాలా భాగం మాత్రలై పోయాయి. హైదరాబాదులో ఓ.పి. కిటికీ దగ్గర తీసుకున్న స్ట్రిప్పు చేతిసంచిలో పడుతుంది. ఇమ్లీబన్‌లో బస్సెక్కి వనపర్తికో, నాగర్‌కర్నూలుకో, గద్వాలకో చేరుతుంది. ఆ తరవాత ఆ మాత్రను లెక్కపెట్టి చేతిలో పెట్టేది ఎవరంటారు? ఏ ఇంట్లోనైనా ఇల్లాలే కదండీ. అంటే మునుపు ముగ్గురు చదువుకున్న మనుషులు చేసిన కాపలా పని యిప్పుడు మన ఒక్కరి మీద పడిందన్నమాట.

యీ కథ మన తెలుగువాడితోనే మొదలవుతుంది. ఆయన యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషను రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కారు. నా బోటి మెట్రిక్యులేట్లకు ఎంత ధైర్యం చెప్పే మాటో చూడండి! ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధితో పోయారు. ఆయనకూ అదే జబ్బు వస్తే, ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు. 1922లో భార్య శేషగిరి గారిని ఇక్కడే వుంచి అమెరికా వెళ్ళారు. మళ్ళీ తిరిగి రాలేదు. ఆయన పేరు చెప్పుకునేటప్పుడు ఆ ఇల్లాలి ఎదురుచూపునూ ఒక్క క్షణం తలచుకోవడం ధర్మమనిపిస్తుంది నాకు.

ఇక్కడ ఇంకో స్త్రీమూర్తిని కూడా చెప్పాలి. లూసీ విల్స్ అనే ఇంగ్లండు డాక్టరమ్మ 1928లో బొంబాయి వచ్చింది. అక్కడ గర్భిణులు నెత్తురు చచ్చి, పాలిపోయి, ప్రాణాల మీదికి తెచ్చుకుంటూ వుంటే కారణం వెతికింది. ఈస్టుతో తయారైన మార్మైట్ అనే చౌక పదార్థం తినిపిస్తే వాళ్ళు కోలుకున్నారని 1931లో ప్రకటించింది. అందులో వున్న మంచి పదార్థమే తరవాత ఫోలిక్ ఆసిడ్ అని తేలింది. 1941లో దాన్ని పాలకూర వంటి ఆకులనుంచి తీసి, ఆకు అనే అర్థం వచ్చే లాటిను మాటతో ఆ పేరు పెట్టారు. యీనాడు ప్రతి గర్భిణికీ ఆసుపత్రిలో ఇచ్చే మాత్రల్లో వున్నది అదే. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసే మార్గం 1945లో కనిపెట్టింది లెడర్లే కంపెనీలో సుబ్బారావు గారి నాయకత్వాన పనిచేసిన బృందం. ఆయన సోదరుల్ని తీసుకుపోయిన స్ప్రూకు కూడా అది మందయింది.

అక్కడినుంచి కథ మలుపు తిరిగింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ల్యుకేమియా, అంటే రక్తపు క్యాన్సరు వచ్చిన పసిపిల్లల్ని చూసేవాడు. ఫోలిక్ ఆసిడ్ ఇస్తే ఆ పిల్లల్లో జబ్బు ఇంకా ఎక్కువవుతున్నట్టు ఆయనకు తోచింది. అయితే దానికి విరుగుడు ఇస్తే జబ్బు తగ్గాలి కదా అనుకున్నాడు. ఆ విరుగుళ్ళు తయారైంది కూడా సుబ్బారావు గారి బృందం దగ్గరే. వాటిలో ఒకటి అమినోప్టెరిన్. 1948 జూన్‌లో ఫార్బర్ తన ఫలితాలు అచ్చువేశాడు. 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందికి కొంతకాలం పాటు జబ్బు తగ్గుముఖం పట్టింది. అంతకు ముందు ఆ జబ్బు ఏ మందుకూ లొంగినట్టు లేదు. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు గారు నిద్రలోనే కన్నుమూశారు. ఆయనకప్పటికి 53 ఏళ్ళు.

ఆ విరుగుళ్ళలో ఇంకొకటి మెథోట్రెక్సేట్. 1956లో మిన్ చ్యూ లీ, రాయ్ హెర్ట్జ్ అనే ఇద్దరు డాక్టర్లు, కాన్పు తరవాత మాయ కణాలనుంచి పుట్టే ఒక భయంకరమైన క్యాన్సరును యీ మందుతో కుదిర్చారు. గడ్డ కట్టే క్యాన్సరు మందుతోనే నయం కావడం అదే మొదలు. అది ఆడవాళ్ళకు వచ్చే జబ్బు, బతికింది తల్లులు.

యీ మందు పనిచేసే తీరు తెలిస్తే తరవాత చెప్పబోయేది సులువుగా అర్థమవుతుంది. తాళంలో సరిపడని తాళంచెవి దూరిస్తే ఏమవుతుంది? తిరగదు, బయటికీ రాదు, అసలు తాళంచెవికి చోటూ వుండదు. మెథోట్రెక్సేట్ చూడడానికి ఫోలిక్ ఆసిడ్ లాగే వుండి కణంలో దాని పనికి అడ్డుపడుతుంది. దానితో కణం పెరగడం ఆగిపోతుంది. వేగంగా పెరిగే క్యాన్సరు కణాలకు ముందుగా దెబ్బ తగులుతుంది. అయితే మన నోటి లోపలి పొర, పేగు పొర, నెత్తురు తయారయ్యే ఎముక మూలుగు కూడా వేగంగా పెరిగేవే. వాటికి కోలుకునే వ్యవధి ఇవ్వాలి. అందుకని ఇంటి దగ్గర వాడే మాత్రను చాలా జబ్బుల్లో వారానికి ఒక్కరోజు మాత్రమే ఇస్తారు. తక్కిన ఆరు రోజులూ మందు మానడం కూడా వైద్యంలో భాగమే. ఆ ఆరు రోజులూ తీసేస్తే అదే మందు విషమవుతుంది.

మనం శుక్రవారం లక్ష్మీపూజ చేసుకుంటాం, శనివారం ఒంటిపూట వుంటాం. శుక్రవారం పూజ రోజూ చేస్తే పుణ్యం పెరుగుతుందేమో గాని, శుక్రవారం మాత్ర రోజూ వేస్తే ప్రాణం పోతుంది.

ఇది నేను ఊరికే అంటున్న మాట కాదు. యీ మందును కీళ్ళవాతానికి కూడా తక్కువ మోతాదులో వాడతారు. 1988లో అమెరికాలో అందుకు అనుమతి వచ్చింది. 2000 ఏప్రిల్‌లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిషైర్‌లో కీళ్ళవాతానికి యీ మాత్ర వాడుతున్న ఒకావిడ, వారానికి అని వుండవలసింది రోజుకు అని మారిపోవడం వల్ల మరణించింది. దాని మీద విచారణ జరిగింది. తరవాత 2004లో ఆ దేశపు రోగి భద్రతా సంస్థ లెక్క తీస్తే, అంతకు ముందు పదేళ్ళలో ఇంగ్లండులో యీ ఒక్క మాత్ర విషయంలో 137 పొరపాట్లు, అందులో 25 మరణాలు బయటపడ్డాయి. మంచి మంచి ఆసుపత్రులున్న దేశం, చదువుకున్న రోగులు. అయినా అలా జరిగింది.

అప్పుడు వాళ్ళు కారణాలు వెతికారు. ఎంత చిన్న సంగతులో చూడండి. 2.5 మిల్లీగ్రాముల మాత్రకూ 10 మిల్లీగ్రాముల మాత్రకూ చూపులో తేడా తెలియదు. మెథోట్రెక్సేటూ పసుపే, దానితోపాటు ఇచ్చే ఫోలిక్ ఆసిడూ పసుపే. ఒకటి వారానికొక్కసారి వేసుకునేది, రెండోది తరచు వేసుకునేది. రెండూ మన సుబ్బారావు గారి బృందం చేతిలో రూపుదిద్దుకున్నవే! ఒకటి ఆకు, ఒకటి ఆకుకు విరుగుడు. ఒకే డబ్బాలో పడితే మనమెలా గుర్తుపడతాం? అందుకని మందు ఎప్పుడూ ఒకే బలం మాత్రల్లో ఇవ్వాలని, చీటీ మీద వారమని రాయడమే కాక ఏ రోజో పేరు పెట్టి రాయాలని, రోగి చేతికి ఒక చిన్న పుస్తకం ఇవ్వాలని నియమాలు పెట్టారు. 2019లో యూరప్ మందుల సంస్థ కూడా పెట్టె మీద వారానికొకసారి అని స్పష్టంగా అచ్చువేయాలని ఆదేశించింది.

మాత్రలు కాకుండా ఆసుపత్రిలో సూదిమందుగా ఎక్కించినా పొరపాట్లు జరక్కపోలేదు. 1994లో బోస్టన్‌లో బెట్సీ లేమన్ అనే ఆవిడ, పత్రికలో ఆరోగ్య శీర్షిక రాసే విలేఖరి, రొమ్ము క్యాన్సరుకు వైద్యం చేయించుకుంటూ వుంది. నాలుగు రోజులకు కలిపి ఇవ్వవలసిన మందును ఏ రోజుకారోజు మొత్తం ఇచ్చేశారు. ఆ డిసెంబరులో ఆవిడ పోయింది. 39 ఏళ్ళు. అది జరిగింది డాక్టరు ఫార్బర్ స్థాపించిన సంస్థలోనే. పొరపాటు జరిగినట్టు కొన్ని నెలల తరవాత గాని, పాత కాగితాలు సరిచూస్తుంటే గాని బయటపడలేదు. ఆ తరవాత అక్కడ మోతాదు హద్దు మీరితే కంప్యూటరే ఆపేసే ఏర్పాటు, ఇద్దరు వేరువేరుగా సరిచూసే పద్ధతి వచ్చాయి. ఆసుపత్రుల్లో మనం చూసే కట్టుబాట్లలో చాలావాటి వెనక ఇలా ఎవరో ఒకరి ప్రాణం వుంది.

మరి చిక్కెక్కడ వచ్చిందంటే, యీ కట్టుబాట్లన్నీ ఎక్కువగా సూదిమందు చుట్టూ అల్లుకున్నాయి. మాత్ర మాత్రం చల్లగా ఇంటికి వచ్చేసింది. 1953లో మెర్కాప్టోప్యూరిన్ అనే మాత్ర వచ్చింది. దాన్ని కనిపెట్టిన వాళ్ళలో ఒకరు గెర్‌ట్రూడ్ ఎలియన్ అనే స్త్రీ. తాతగారు క్యాన్సరుతో పోవడం చూసి పదిహేనేళ్ళ వయసులోనే యీ దారి పట్టింది. 1988లో నోబెల్ బహుమానం అందుకుంది. 1970లలో రొమ్ము క్యాన్సరుకు టమోక్సిఫెన్ వచ్చింది. 1998లో కెపెసిటాబిన్, 2001లో ఇమాటినిబ్ వచ్చాయి. మాత్ర కనుక అంత ప్రమాదమేమీ లేదని, జ్వరం బిళ్ళకు జమకట్టే అలవాటు లోకమంతటా వుంది. ఇంగ్లండులో 2003 నవంబరు నుంచి 2007 జూలై దాకా క్యాన్సరు మాత్రల విషయంలో 3 మరణాలు, మరో 400 పొరపాట్లు నమోదయ్యాయి. వాటిలో సగం దాకా మోతాదో, ఎన్నిసార్లో, ఎన్ని రోజులో తప్పిపోయినవే. 2008 జనవరిలో, మాత్రకూ సూదిమందుకు చేసినంత కాపలా చేయండని అక్కడి అధికారులు చెప్పవలసి వచ్చింది.

ఇక మన పాలమూరు వైపుకు వద్దాం. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడూ 2016 అక్టోబరు 11న వేరు జిల్లాలయ్యాయి గాని, అంతకు ముందు మూడూ మహబూబ్‌నగర్ జిల్లాలోవే. యీ ఊళ్ళవాళ్ళకు క్యాన్సరు వైద్యమంటే హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో 1955లో వెలసిన మెహదీ నవాజ్ జంగ్ ఆసుపత్రే పెద్ద దిక్కు. గద్వాలవాళ్ళకు కర్నూలు దగ్గర, రాయచూరూ దూరం కాదు. కాబట్టి వాళ్ళు అటూ వెళతారు. ఒకే రోగి దగ్గర మూడు ఊళ్ళ చీటీలుంటాయి. ఖర్చు భరించలేక సగంలో మానేసిన వాళ్ళెందరో. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలుపెట్టినప్పుడు తొలి మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. తక్కినవి అనంతపురం, శ్రీకాకుళం. అప్పటినుంచి పేదింటి రోగి ఆసుపత్రి గడప తొక్కగలిగాడు.

మాత్రల ధర దిగిరావడంలోనూ యీ జిల్లాకు చోటుంది. హైదరాబాదు నాట్కో కంపెనీవారి కొత్తూరు కర్మాగారం ఆనాటి మహబూబ్‌నగర్ జిల్లాలోదే. 2003లో ఆ కంపెనీ ఇమాటినిబ్ మాత్రను తయారుచేసి అమ్మడం మొదలుపెట్టింది. నెలకు లక్ష రూపాయలు దాటే విదేశీ మందు పదివేల లోపుకు దిగింది. 2012 మార్చిలో కాలేయ క్యాన్సరు మాత్ర సొరాఫెనిబ్ విషయంలో మన దేశం మొదటిసారి నిర్బంధ లైసెన్సు ఇచ్చింది కూడా ఆ కంపెనీకే. నెలకు 2 లక్షల 80 వేలున్న మందు 9 వేల లోపుకు వచ్చింది. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు ఇమాటినిబ్ పేటెంటు తగాదాలో విదేశీ కంపెనీ వాదన కొట్టేసింది. ఇదంతా సంతోషించవలసిన చరిత్రే. ధర దిగింది, మందు దొరికింది, ఇల్లు చేరింది. కాని మందుతోపాటు రావలసిన జాగ్రత్త మాత్రం అంత వేగంగా రాలేదు.

గద్వాల చీర మనందరికీ తెలిసిందే. ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నూలుకు నూలు గట్టిదే, పట్టుకు పట్టు గట్టిదే. రెండింటినీ పోగు పోగుకూ ముడివేసి కలిపే చోటే నేతగాడి పనితనమంతా. అక్కడ వదులైతే చీర విడిపోతుంది. మందు సంగతీ అంతే. ఆసుపత్రి గట్టిగానే వుండవచ్చు, మన ఇల్లూ జాగ్రత్తగానే వుండవచ్చు. ఆ రెండూ కలిసే చోటు ఓ.పి. కిటికీ, ఊళ్ళో మందుల షాపు. వదులు అక్కడే.

యీ మూడు ఊళ్ళలో ఏ ఇల్లయినా అనుకోండి. ఆ ఇంట్లో ఆరేళ్ళ బాబుకు ల్యుకేమియా. ఆసుపత్రిలో గట్టి వైద్యం పూర్తయి, ఇక ఇంటి దగ్గరే సుమారు రెండేళ్ళు మాత్రలు వాడమన్నారు. అందులో మెర్కాప్టోప్యూరిన్ రోజూ వేయాలి. మెథోట్రెక్సేట్ వారానికొకసారి వేయాలి. ఫార్బర్ కాలంలో నెలల్లో పోయే పిల్లలు యీనాడు చాలామంది పూర్తిగా బాగై బడికి వెళుతున్నారు, యీ మాత్రల పుణ్యాన. కాని రెండు స్ట్రిప్పులూ తారుమారైతే? తల్లి మందుల షాపుకు వెళుతుంది. కిటికీ ముందు పదిమంది వుంటారు. కుర్రాడు స్ట్రిప్పు మీద పెన్నుతో ఒక గీత గీసి, "అక్కా, ఇది రోజూ ఒకటి, ఇది హప్తాకొకటి" అంటాడు. ఇంటికొచ్చేసరికి ఏది ఏదో ఎవరికి గుర్తుంటుంది? పైగా మన భాషలో వారమంటే ఏడు రోజులూ వారమే, సోమవారమూ వారమే. ఇంగ్లీషు పొడి అక్షరాల సంగతి ఇక చెప్పనక్కర లేదు.

అందుచేత మందు తీసుకునేటప్పుడే, కిటికీ దగ్గరే, నాలుగు ప్రశ్నలు అడగండి. ఇది రోజూనా, వారానికా? వారానికైతే ఏ రోజు? ఎన్ని మాత్రలు కలిపితే ఒక మోతాదు? ఎన్ని రోజులు వేసి ఎన్ని రోజులు ఆపాలి? ఎందుకంటే కెపెసిటాబిన్ వంటివి మామూలుగా 14 రోజులు వేసి 7 రోజులు ఆపుతారు. మెదడు గడ్డలకిచ్చే టెమొజొలొమైడ్‌ను తరచు నెలలో 5 రోజులే ఇస్తారు. ఆపిన రోజుల్లో, మాత్రలు మిగిలాయి కదా వృథా ఎందుకని వేయకండి. ఆ రోజు పేరు తెలుగులో, పెద్ద అక్షరాలతో, పెట్టె మీద అక్కడే రాయించండి. సిగ్గుపడకండి. 2015 నాటి ఫార్మసీ నియమాల ప్రకారం రోగికి మందు వాడే తీరు వివరించి చెప్పడం ఫార్మసిస్టు విధి. మనం అడిగేది ఉపకారం కాదు, మన హక్కు.

ఇంటి దగ్గర పాల లెక్క రాసుకునే క్యాలెండరే మనకు పెద్ద సాధనం. మాత్ర వేయవలసిన రోజులకు ముందే చుట్టూ గీత పెట్టుకోండి, వేసినాక కొట్టివేయండి. వేయడం ఒక్కరి పనే కావాలి. అత్తగారు ఒకసారి, కోడలు ఒకసారి ఇవ్వకూడదు. ఒకరోజు మరచిపోతే మర్నాడు రెండు వేయకండి. మింగిన కాసేపటికి వాంతి అయినా మళ్ళీ వేయకుండా ఆసుపత్రికి ఫోను చేసి అడగండి. మాత్రను నూరడం, తేనెలో కలపడం, క్యాప్సూల్ విప్పడం చేయకండి. ఆ పొడి ఇంట్లో అందరికీ హానే. చేతికి గ్లౌజు వేసుకునో, మూతలో వేసుకునో ఇచ్చి, తరవాత సబ్బుతో చేతులు కడుక్కోండి. ఇంట్లో గర్భిణి వుంటే ఆ పని ఆమెకు అప్పగించకండి. వంటింటి అలమరలో, పోపుల పెట్టె పక్కన పెట్టకండి. మామూలు మాత్రలతో కలపకుండా, పిల్లలకు అందనిచోట, దాని పెట్టెలోనే వుంచండి. మిగిలినవి మోరీలో పారేయకుండా ఆసుపత్రిలో తిరిగి ఇచ్చేయండి.

ఇంకొక మాట. ఊళ్ళో జ్వరమో ఒళ్ళు నొప్పులో వస్తే ఆర్.ఎం.పి. దగ్గరికి పరుగెత్తడం మనకు అలవాటు. మెథోట్రెక్సేట్ వాడేవారికి కొన్ని నొప్పి మాత్రలు, సెప్ట్రాన్ జాతి మాత్రలు కలిస్తే మందు ఒంట్లోనే నిలిచిపోయి విషమవచ్చు. కెపెసిటాబిన్‌కూ నెత్తురు పలచబరిచే వార్‌ఫరిన్‌కూ పడదు. కాబట్టి ఏ డాక్టరు ముందు కూర్చున్నా మొదటి మాటగా "మా వాళ్ళు క్యాన్సర్ మాత్ర వాడుతున్నారండీ" అని చెప్పండి. క్యాన్సర్ మాత్రలు వాడేవారికి 100.4 డిగ్రీల జ్వరం దాటినా, నోటిపూత వచ్చినా, విరోచనాలు ఆగకపోయినా, చిగుళ్ళనుంచి నెత్తురు కారినా తెల్లవారేదాకా చూద్దామనకండి. తరవాతి మాత్ర వేయకుండా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళండి. మెథోట్రెక్సేట్ ఎక్కువైతే ల్యూకోవొరిన్ అనే విరుగుడు వుంది. అది ఎంత త్వరగా ఇస్తే అంత పనిచేస్తుంది.

అయితే భారమంతా ఇల్లాలి మీదే వేసి ఊరుకోవడం న్యాయం కాదు. ఇంగ్లండు చరిత్ర చెప్పేదీ అదే. జాగ్రత్తగా వుండండని చెప్పినంత మాత్రాన పొరపాట్లు ఆగలేదు, పద్ధతి మార్చవలసి వచ్చింది. ఇక్కడ మార్చడానికి యిప్పుడు వీలుంది. 2022 నవంబరులో వనపర్తిలోనూ నాగర్‌కర్నూలులోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరిచారు. 2024లో గద్వాల కళాశాలకు కూడా అనుమతి వచ్చింది. జిల్లా ఆసుపత్రులన్నిట్లోనూ మూడేళ్ళలో క్యాన్సర్ డే కేర్ కేంద్రాలు పెడతామని 2025 ఫిబ్రవరి 1న కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. అవి వచ్చినచోట సెలైను ఎక్కించే మంచాలు మాత్రమే వేసి ఊరుకోకూడదు. మాత్రల కోసం ఒక కిటికీ, ఆ మాత్రల గురించి ప్రత్యేకంగా నేర్చుకున్న ఒక ఫార్మసిస్టు, తెలుగులో రోజుల పేర్లతో అచ్చువేసిన ఒక కార్డు వుండాలి. నెత్తురు పరీక్ష అక్కడే చేసి, హైదరాబాదు డాక్టరుతో ఫోనులో మాట్లాడి, తరవాతి పరీక్ష దాకా సరిపడే మాత్రలు మాత్రమే లెక్కపెట్టి ఇవ్వాలి. అప్పుడు నూట యాభై, రెండువందల కిలోమీటర్లు బస్సులో వెళ్ళలేక పాత చీటీతోనే ఊళ్ళో షాపులో మందు కొనే అవసరం వుండదు. ఇందులో కోట్ల ఖర్చు లేదు. పట్టించుకునే మనిషి కావాలి, అంతే.

మీ ఊరి మహిళామండలిలోనో, ఆసుపత్రి సలహా సంఘంలోనో మీకు తెలిసినవాళ్ళుంటే ఆ కార్డు మాట ఎత్తండి. రాసేది ఒక్క రోజు పేరు. సుబ్బారావు గారు ఒక జీవితమంతా ధారపోసిన మందు మన పిల్లల ప్రాణం నిలపడానికే గాని తీయడానికి కాదు. దాన్ని నిలబెట్టేది ఆ ఒక్క మాటే కావచ్చు.